స్కూల్ సైకాలజిస్ట్ వారానికి రెండు రోజులే వస్తారు. ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న: తొమ్మిదో తరగతి క్లాస్ టీచర్

అందరికీ నమస్కారం. హైస్కూల్లో సైన్స్ చెబుతాను, తొమ్మిదో తరగతికి క్లాస్ టీచర్ని. మా పిల్లల్లో చాలామంది వాళ్ల ఇంట్లో ఇంతవరకు చదివిన మొదటివాళ్లు. అమ్మానాన్నలు పొద్దున్నే పనికి పోతే చీకటి పడ్డాకే ఇల్లు చేరతారు. బడి వదలగానే తామూ పనికి పరిగెత్తే పిల్లలున్నారు. జ్వరం ముదిరితే తప్ప డాక్టర్ దగ్గరికి వెళ్లని ఇళ్లు ఇవి. ఇక మనసు బాగోలేదని ఎక్కడికి వెళ్తారు?

ఈ ఏడాది నుంచి మాకు వారానికి రెండు రోజులు స్కూల్ సైకాలజిస్ట్ వస్తారట. ఆవిడ టైమ్ ఎలా వాడుకోవాలో టీచర్లే కూర్చుని రాసివ్వమన్నారు హెడ్మాస్టర్ గారు. స్టాఫ్ రూమ్‌లో తలో మాటా అన్నారు. అన్ని తరగతులకీ ఒత్తిడి మీద లెక్చర్లు పెట్టిద్దామని ఒకరు, రోజూ అసెంబ్లీలో ధ్యానం చేయిద్దామని ఒకరు, అందరి చేతా ప్రశ్నల ఫారం నింపిస్తే సమస్య ఉన్నవాళ్లెవరో తేలిపోతుందని ఇంకొకరు. ఎక్కువమంది మాత్రం అల్లరి పిల్లల లిస్టు ఇచ్చేద్దాం, ఆవిడే చూసుకుంటారు అన్నారు.

నాకు గుర్తొస్తున్నది వేరే ఇద్దరు. ఒక అమ్మాయి సోమవారాలు రాదు. అడిగితే కడుపునొప్పి అంటుంది. ఒక అబ్బాయి పొద్దున్నుంచి సాయంత్రం వరకు బల్ల మీద తల పెట్టుకునే ఉంటాడు. మార్కులు మరీ తగ్గలేదు కాబట్టి వాడి గురించి ఎవరూ మాట్లాడరు. వీళ్లిద్దరూ ఆ అల్లరి లిస్టులోకి రారు. వీళ్ల కోసం నేనేం చేయాలి? కౌన్సెలింగ్ నేర్చుకోవాలా? అసలు రెండు రోజులు వచ్చే మనిషి వల్ల ఇంతమంది పిల్లలకి ఒరిగేదేమైనా ఉందా?

జవాబు: స్కూల్ సైకాలజిస్ట్

టీచర్ గారూ, చాలా ఏళ్లుగా ఈ పనిలోనే ఉన్నాను. ఒకటికి మించిన బడులు చూస్తాను కాబట్టి ఏ బడిలోనూ రోజూ కనిపించను. మీకు రాబోయే ఆవిడ పరిస్థితీ అదే.

ముందు మీ ఆఖరి ప్రశ్న. ఒరుగుతుంది, చాలా. జీవితంలో వచ్చే మానసిక సమస్యల్లో సగం 14 ఏళ్ల వయసుకే మొదలైపోతాయని 2005లో అమెరికాలో రోనల్డ్ కెస్లర్ బృందం చేసిన పెద్ద సర్వేలో తేలింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 10 నుంచి 19 ఏళ్ల పిల్లల్లో ఏడుగురికి ఒకరు ఏదో ఒక మానసిక సమస్యతో ఉంటారు. మీ క్లాసులో 40 మంది ఉంటే ఐదారుగురు. వాళ్లు రోజూ వచ్చి కూర్చునే చోటు మీ గది.

క్లినిక్కులు ఉన్నాయి కదా, అక్కడికి పంపితే సరిపోదా అని చాలామంది అడుగుతారు. నేను వాళ్లకి కత్రినా తుఫాను తర్వాతి సంగతి చెప్తాను. 2005లో అమెరికాలోని న్యూ ఆర్లియన్స్ నగరం మునిగిపోయాక, భయాలు వదలని 118 మంది బడిపిల్లలను రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకి బడిలోనే గ్రూపుగా చికిత్స, రెండో గుంపుకి క్లినిక్‌లో. బడిలో పెట్టినప్పుడు 98 శాతం మంది మొదలుపెట్టారు. క్లినిక్ అన్నప్పుడు 37 శాతమే. క్లినిక్ చికిత్స తక్కువదేం కాదు, అందినవాళ్లు అక్కడా కోలుకున్నారు. కానీ అక్కడిదాకా వెళ్లాలంటే ఎవరో ఒకరు పని మానుకోవాలి, బస్సు ఛార్జీ పెట్టుకోవాలి, తెలియని మనిషి ముందు కూర్చుని ఇంటి గుట్టు చెప్పుకోవాలి. బతుకు సాగడమే కష్టంగా ఉన్న ఇంట్లో ముందుగా ఆగిపోయేది ఇదే. అందుకే మీలాంటి బడిలో సైకాలజిస్ట్ గది అదనపు సౌకర్యం కాదు, చాలామంది పిల్లలకి అదొక్కటే దారి.

ఇక స్టాఫ్ రూమ్ ఆలోచనలు. లెక్చర్ల మీద నాకు పెద్ద అభిప్రాయం లేదు, పెట్టినా మానినా పెద్ద తేడా రాదు. ధ్యానం గురించి మాత్రం ఒక మాట చెప్పాలి. బ్రిటన్‌లో 80కి పైగా స్కూళ్లలో, 11 నుంచి 13 ఏళ్ల పిల్లలు 8 వేల మందికి పైగా పాల్గొన్న మిరియడ్ అనే ట్రయల్ ఫలితాలు 2022లో వచ్చాయి. మామూలుగా చెప్పే పాఠాలతో పోలిస్తే టీచర్లు క్లాసంతటికీ నేర్పిన మైండ్‌ఫుల్‌నెస్ అనే ధ్యానం లాంటి సాధన పిల్లల మానసిక ఆరోగ్యాన్ని మెరుగుపరచలేదు. చాలామంది పిల్లలు ఇంటి దగ్గర సాధన చేయనేలేదు. ఇష్టమున్నవాళ్లు చేసుకోవచ్చు. కానీ మీ బల్ల మీద తల పెట్టుకున్న అబ్బాయికి కళ్లు మూసుకోమని చెప్పి, మన వంతు అయిపోయిందనుకోవడం నాకు నచ్చదు.

మీరు కౌన్సెలింగ్ నేర్చుకోవాలా? వద్దు. ఇది మీ మీద నమ్మకం లేక అంటున్న మాట కాదు. బిహార్‌లో 74 ప్రభుత్వ హైస్కూళ్లలో పిల్లలకి కౌన్సెలింగ్ కూడా ఉండే సెహెర్ అనే కార్యక్రమాన్ని పరీక్షించారు, 2018లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. కొన్ని బడుల్లో ఆ పనిని ఊళ్లోంచి తీసుకుని శిక్షణ ఇచ్చిన మామూలు మనుషులకి అప్పగించారు. వాళ్లు డిగ్రీలున్న సైకాలజిస్టులు కారు. కొన్ని బడుల్లో అదే పనిని అక్కడి టీచర్లకి ఇచ్చారు. మొదటి బడుల్లో పిల్లల దిగులు తగ్గింది, ఏడిపించడాలు, కొట్లాటలు తగ్గాయి, బడి వాతావరణమే మారింది. టీచర్లకి అప్పగించిన చోట ఏ మార్పూ రాలేదు. నాకు తోచే కారణాలు రెండు. టీచర్‌కి సిలబస్ మధ్యలో ఆ పనికి టైమ్ దొరకదు. పైగా మార్కులు వేసే మనిషి దగ్గర పిల్లలు మనసు విప్పరు.

మరి మీ పని? మీరు ఇప్పటికే చేస్తున్నదే. సోమవారాలు రావట్లేదని కనిపెట్టారు. ఆ చూపు నాకు లేదు, రెండు రోజులు వచ్చే ఎవరికీ ఉండదు. కాబట్టి మీ ప్లాన్‌లో మొట్టమొదట ఇది రాయండి: సైకాలజిస్ట్ వచ్చిన ప్రతి వారం క్లాస్ టీచర్లతో ఒక పీరియడ్ కూర్చోవాలి, చేతిలో హాజరు పట్టీ ఉండాలి. ఎవరు ఏ రోజు రావట్లేదు, ఎవరు ఆలస్యంగా వస్తున్నారు, ఎవరు ఈ మధ్య ఒంటరిగా తింటున్నారు. ఆ ఒక్క పీరియడ్‌లో నాకు తెలిసినంత, గదిలో కూర్చుని ఎదురుచూస్తే ఏడాదికీ తెలియదు.

ప్రశ్నల ఫారం విషయంలో కాస్త ఆగండి. పిల్లల మనసు, ప్రవర్తన ఎలా ఉన్నాయో చూసే ఎస్‌డీక్యూ అని ఒకటుంది. బ్రిటిష్ సైకియాట్రిస్ట్ రాబర్ట్ గుడ్‌మన్ 1997లో తెచ్చింది. 25 ప్రశ్నలే, 11 ఏళ్లు దాటిన పిల్లలు తామే నింపవచ్చు, చాలా భాషల్లో ఉంది. మంచి ఫారమే. కానీ బడి మొత్తం చేత నింపిస్తే ఎంతోమంది పేర్లు పైకి వస్తాయి. రెండు రోజుల్లో వాళ్లందరినీ పిలిచి మాట్లాడగలమా? ఒక పిల్ల మొదటిసారి ధైర్యం చేసి నాకు బాగోలేదు అని రాసి ఇచ్చాక నెలలపాటు ఎవరూ పలకరించకపోతే, ఆ పిల్ల ఇంకెప్పుడూ రాయదు. మాట్లాడే మనిషి ఉన్నంతమందినే అడగాలి.

అల్లరి లిస్టు మాత్రం దయచేసి వద్దు. అల్లరి చేసే పిల్లలకి సాయం అక్కర్లేదని కాదు, వాళ్లలో చాలామంది ఇంట్లో దెబ్బలు తింటున్నవాళ్లు, చదవడం రాక సిగ్గుపడుతున్నవాళ్లు. కానీ శిక్షగా పంపిన మొదటి వారంలోనే ఆ గది తప్పు చేసినవాళ్లు వెళ్లే గది అయిపోతుంది. ఆ తర్వాత మీ సోమవారం అమ్మాయి ఆ గడప తొక్కదు.

ఆవిడ టైమ్‌లో ఇంకో పెద్ద భాగం చిన్న గ్రూపులకి ఇవ్వండి. ఒక్కొక్కరితో విడిగా కూర్చుంటే ఎంతమందికని చేరుతుంది? అమెరికా స్కూల్ సైకాలజిస్టుల సంఘం 500 మంది పిల్లలకి ఒకరుండాలంటుంది, అక్కడే సగటున ఒక్కొక్కరి మీద వెయ్యిమందికి పైగా ఉన్నారు. హింసను చూసిన పిల్లల కోసం లాస్ ఏంజెలెస్ బడుల్లో తయారుచేసిన సీబీఐటీఎస్ అనే పద్ధతిలో గ్రూపు సెషన్లు 10, విడిగా మాట్లాడేవి ఒకటి నుంచి మూడు. 2003లో దాని ఫలితాలు వచ్చాయి, పిల్లల్లో భయం, దిగులు గణనీయంగా తగ్గాయి. కత్రినా తర్వాత బడుల్లో వాడింది కూడా ఈ పద్ధతే. గ్రూపులో ఇంకో లాభం కూడా ఉంది. తనకొక్కడికే ఇలా ఉందనుకున్న పిల్లవాడు పక్కవాడి నోటి నుంచి అదే మాట వింటాడు. ఆ క్షణంలో వాడి ముఖంలో వచ్చే మార్పు చూడటం కోసమే ఈ ఉద్యోగం చేస్తున్నానేమో అనిపిస్తుంది నాకు.

మీ ఇద్దరు పిల్లల గురించి: ఏదీ ముందే తేల్చేయకండి. కడుపునొప్పికి ముందు డాక్టర్‌కి చూపించాలి. దానితోపాటు సోమవారం మొదటి పీరియడ్ ఏమిటి, ఆ రోజు ఆమె పక్కన ఎవరు కూర్చుంటారు, శని ఆదివారాలు ఇంట్లో ఎవరుంటారు అని చూడాలి. ఈ మూడో ప్రశ్న అడగడానికి మనకే భయమేస్తుంది, అయినా మానకూడదు. అబ్బాయికి నిద్ర సరిపోతుందా, రాత్రి పనికి వెళ్తున్నాడా, బోర్డు కనిపిస్తోందా, చెవులు వినిపిస్తున్నాయా? కళ్లద్దాలు లేక వెనకబడ్డ పిల్లవాడికి దిగులు అని పేరు పెట్టడం ఘోరం. దిగులుతో కుంగిపోతున్న పిల్లవాడిని బద్ధకస్తుడు అనడం అంతకంటే ఘోరం.

జవాబు: ఒకప్పుడు అలాంటి గదికి వెళ్లిన విద్యార్థి

టీచర్ గారికి విద్యార్థి వైపు నుంచి రెండు మాటలు. పైన మేడమ్ రాసినవాటిలో పిలిచే పద్ధతి గురించి లేదు, అందుకని చెప్తున్నాను.

నన్ను క్లాస్ మధ్యలో అటెండర్ వచ్చి పేరుతో పిలిచేవాడు, కౌన్సెలర్ మేడమ్ రమ్మన్నారు అని. నలభై తలలు ఒకేసారి నా వైపు తిరిగేవి. తిరిగి వచ్చాక ఏమైంది, ఏమడిగింది అని అందరూ. లోపల ఆవిడ ఎంత బాగా మాట్లాడినా, బయటికొచ్చాక జరిగేది తలుచుకుని సగం మాటలు మింగేసేవాణ్ణి. పైగా ప్రతిసారీ లెక్కల పీరియడే. లెక్కల్లో అప్పటికే వెనకబడి ఉన్నాను.

తర్వాత ఆవిడే మార్చారు. ఆఫీసు నుంచి వచ్చే మామూలు చీటీల్లో కలిపి పంపేవారు. లైబ్రరీ పుస్తకం తిరిగివ్వాల్సినవాడూ, ఫారం నింపాల్సినవాడూ, నేనూ ఒకేసారి లేచేవాళ్లం. పీరియడ్ కూడా వారం వారం మారేది. అప్పటి నుంచే నిజంగా మాట్లాడటం మొదలుపెట్టాను. మీ ప్లాన్‌లో ఈ రెండూ రాయండి టీచర్ గారూ. పెద్దవాళ్లకి చిన్న విషయంలా కనిపిస్తుంది, పద్నాలుగేళ్ల వయసులో అదే అన్నిటికంటే పెద్దది.

ఇంకొకటి. నేను చెప్పింది ఎవరికి చేరుతుందో మొదటి రోజే చెప్పాలి. మా అమ్మకి చెప్తారా, క్లాస్ టీచర్‌కి చెప్తారా అనే టెన్షన్ నాకు చాలాకాలం ఉంది. అడగడానికి ధైర్యం చాల్లేదు.

జవాబు: పిల్లల సంరక్షణ సంస్థలో సోషల్ వర్కర్

సైకాలజిస్ట్ మేడమ్‌తో ఒక్క విషయంలో నేను ఏకీభవించను. హాజరు పట్టీ, టీచర్ చూపు సరిపోవు. రోజూ బడికి వచ్చి, నవ్వుతూ, హోంవర్క్ చేసి ఇచ్చి, లోపల నలిగిపోతున్న పిల్లలను నేను ఎంతోమందిని చూశాను. ఇంట్లో చిన్నవాళ్లను చూసుకునే పెద్దపిల్లలు ముఖ్యంగా. వాళ్లకి బడి ఒక్కటే ఊపిరి పీల్చుకునే చోటు, కాబట్టి ఒక్క రోజూ మానరు. వాళ్లు దొరికేది అడిగితేనే. బడి మొత్తానికి వద్దంటే ఒక్కో తరగతికి ఒక్కో నెలలో ఫారం ఇవ్వండి, ఆ నెల దొరికిన పేర్లన్నిటితో మాట్లాడాకే తర్వాతి తరగతి.

ఇంటివాళ్ల సంగతి. బడి నుంచి ఫోన్ అంటే వాళ్లకి గుండె ఆగినంత పని. ఎప్పుడూ ఫిర్యాదుకే చేస్తాం మరి. అందుకని మొదటి ఫోన్ మంచి మాటకి చేయండి: మీ అమ్మాయి సైన్స్ ప్రాజెక్ట్ బాగా చేసిందమ్మా అని, అంతే, పెట్టేయండి. రెండో ఫోన్‌లో సోమవారాల సంగతి ఎత్తండి. అప్పుడు కూడా మీ అమ్మాయికి ఫలానా జబ్బు ఉందేమో అనకండి. మీరు చూసింది చెప్పి, ఇంట్లో మీకేమైనా కనిపించిందా అని అడగండి. కానీ ఇంట్లోనే దెబ్బలో, అంతకంటే దారుణమో జరుగుతోందని అనుమానం ఉంటే ఇంటికి ఫోన్ చేయకండి. ముందు సైకాలజిస్ట్‌తో, పిల్లల రక్షణ చూసే అధికారులతో మాట్లాడాలి. మన ఫోన్ వల్ల ఆ రాత్రి ఆ పిల్లకి ముప్పు పెరగవచ్చు.

ఇంటి భాష వేరైతే పిల్లని మధ్యలో పెట్టి మాట్లాడించకండి. తన గురించిన మాటలు తనే అమ్మకి చెప్పాల్సిన పరిస్థితి ఏ బిడ్డకీ వద్దు. ఇంకెవరినైనా వెతకండి.

క్లినిక్‌కి పంపాల్సి వస్తే చీటీ రాసిచ్చి ఊరుకోవద్దు. ఎవరైనా మొదటిసారి వెంట వెళ్లాలి. ఆ ఒక్కసారి వెంట వెళ్తే రెండోసారి వాళ్లే వెళ్తారు.

ప్రశ్న అడిగిన టీచర్

అందరికీ ధన్యవాదాలు. ఒక్కో జవాబూ రెండుసార్లు చదివాను. లిస్టు మాట ఎత్తితే స్టాఫ్ రూమ్‌లో ఏం చెప్పాలో ఇప్పుడు తెలిసింది.

ఒక భయం మిగిలింది. సైకాలజిస్ట్ రాని రోజున ఆ అబ్బాయి నా దగ్గరికొచ్చి బతకాలని లేదు టీచర్ అంటే? లేదా అనకపోయినా నాకే అనుమానం వస్తే? అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టు అవుతుందేమోనని మా సీనియర్ ఒకరు అంటారు.

జవాబు: స్కూల్ సైకాలజిస్ట్

ముందు సోషల్ వర్కర్ గారికి: మీరు చెప్పింది ఒప్పుకుంటున్నాను. నెలకో తరగతి అనేది రెండు రోజుల మనిషికి కుదిరే పద్ధతే. టీచర్ గారూ, నేను రాసిన చోట ఇది కలుపుకోండి. విద్యార్థి తమ్ముడు చెప్పినవి అక్షరాలా పాటించండి.

ఇప్పుడు మీ భయం గురించి. అడిగితే ఆలోచన పుట్టదు. అమెరికాలో హైస్కూల్ పిల్లల మీద మాడెలిన్ గూల్డ్ బృందం దీన్నే పరీక్షించి 2005లో ప్రచురించింది. ఆత్మహత్య గురించి అడిగిన పిల్లలకి, అడగని పిల్లల కంటే దిగులు గానీ అలాంటి ఆలోచనలు గానీ పెరగలేదు. అప్పటికే కుంగి ఉన్న పిల్లలకి అడగడం వల్ల బాధ కాస్త తగ్గిన సూచనలే కనిపించాయి. కాబట్టి సూటిగా అడగండి. చచ్చిపోవాలనిపిస్తోందా నాన్నా? ఎలా చేయాలో ఆలోచించావా? ఇదే మాటల్లో, మెల్లగా. జవాబు విని ఉలిక్కిపడకండి, ఛ అలా అనకూడదు అనకండి. అమ్మానాన్నలు ఎంత బాధపడతారో గుర్తుచేయకండి, వాడికి అది ఇప్పటికే బరువు. నాకు చెప్పి మంచి పని చేశావు అనండి.

ఎవరికీ చెప్పనని మాత్రం మాట ఇవ్వకండి. నువ్వు క్షేమంగా ఉండటానికి ఇద్దరు ముగ్గురికి చెప్పాలి, వాళ్లెవరో నీకు ముందే చెప్తాను అనండి. ఆ క్షణం నుంచి అతన్ని ఒంటరిగా వదలకూడదు. బాత్రూమ్‌కి వెళ్లినా బయట ఎవరో ఒకరు నిలబడాలి. ఇంటివాళ్లని బడికే పిలిపించి చేతికి అప్పగించాలి. ఇంట్లో మాత్రలు, పురుగుమందు, అతను చెప్పిన వస్తువు ఏదైనా సరే, ఈ రాత్రికే అందకుండా తీసేయమని వాళ్లతో చెప్పాలి. ఈ ఒక్క పనే ప్రాణాలు కాపాడుతుంది, ఎందుకంటే ఆ తీవ్రమైన ఘడియ చాలామందిలో కొద్దిసేపటికే దాటిపోతుంది. ఎలా చేయాలో కూడా ఆలోచించుకుని ఉంటే, లేదా ఇంటివాళ్లు అందకపోతే, నేరుగా ఆసుపత్రి ఎమర్జెన్సీకి తీసుకెళ్లాలి.

ఇదంతా మీరొక్కరే మోయాల్సింది కాదు. అందుకే ఆవిడ వచ్చే మొదటి రోజునే ఒక కాగితం రాయించండి. ఆవిడ లేని రోజుల్లో ఎవరికి ఫోన్ చేయాలి, ఆవిడ ఎత్తకపోతే ఎవరికి, పిల్లవాడి దగ్గర ఎవరు కూర్చుంటారు, ఆ సమయంలో మీ క్లాస్ ఎవరు చూసుకుంటారు, ఇంటికి ఎవరు చెప్తారు, ఏ ఆసుపత్రి, మీ దగ్గరి ఆత్మహత్య నివారణ హెల్ప్‌లైన్ నంబర్ ఏది. కింద హెడ్మాస్టర్ గారి సంతకం. ప్రతి టీచర్ దగ్గరా ఒక కాపీ, ఆఫీసులో ఒకటి.

ఆ అబ్బాయి కొన్నాళ్లు ఆగి బడికి తిరిగొస్తే, రాకముందే ఆవిడతో కూర్చుని మాట్లాడుకోండి. ఏ హోంవర్క్ వదిలేయొచ్చు, తోటిపిల్లలు అడిగితే ఏం చెప్పాలనుకుంటున్నాడు, రోజూ పొద్దున ఎవరి దగ్గరికి వచ్చి కనిపించాలి అనేవి అతన్నే అడిగి తేల్చుకోండి. మిన్నెసోటా యూనివర్సిటీలో పుట్టిన చెక్ అండ్ కనెక్ట్ అనే పద్ధతిలో ఒక పెద్దమనిషి ఒక పిల్లవాడిని కనీసం రెండేళ్లు వదలకుండా పట్టించుకుంటారు, హాజరు, మార్కులు, మాట అన్నీ చూస్తూ. రెండేళ్లు ఎందుకంటే ఈ పిల్లలు మధ్యలో వదిలేసి వెళ్లిన పెద్దవాళ్లను చాలామందినే చూసి ఉంటారు. మీ బడిలో అది మీరే కానక్కర్లేదు. పీఈటీ సార్ కావచ్చు, లైబ్రేరియన్ కావచ్చు. ఆ అబ్బాయి ఎవరి దగ్గర నాలుగు మాటలు మాట్లాడతాడో చూసి, వాళ్లని అడగండి.

సోమవారం అమ్మాయి సంగతికి ఆవిడ వచ్చేవరకు ఆగనక్కర్లేదు. మంగళవారం వచ్చినప్పుడు నిన్న రాలేదేం అనే బదులు, నిన్న నువ్వు లేవు, ఎలా ఉన్నావోనని అనుకున్నాను అనండి. ఏమైనా చెప్తే వినండి, చెప్పకపోతే వదిలేయండి. వచ్చే మంగళవారం మళ్లీ అదే మాట అనండి. తను ఏం చెప్పిందో, ఎప్పుడెప్పుడు రాలేదో తేదీలతో రాసి ఉంచండి, ఆవిడకి మొదటి రోజున అదే కావాలి. హాని అనిపించేది ఏదైనా చెప్పిందా, అప్పుడు ఆవిడ వచ్చే రోజు కోసం చూడొద్దు, అదే రోజు ఫోన్ చేయండి.